అత్తగారి మాట, కోడలి నోట

కిందటి వారం మనం కోడల్ని లిఫ్టు తలుపు ముందు వదిలి వచ్చాం. "మీతో పెళ్ళి నాకు కుదరదు, ఇంకెప్పుడూ అడక్కండి" అని లిఫ్టు మెకానిక్‌తో చెప్పేసి, అతను బాగుచేసిన ఆ లిఫ్టు ఎక్కకుండా మెట్లెక్కి ఇంటికి వెళ్ళిపోయింది. కారణం అతనికి చెప్పలేదు. మనకు మాత్రం తెలుసు. ఆమె భర్త పోయి మూడేళ్ళు. ఆ కొడుకు ఆధారంతో ఈ దేశానికి వచ్చిన అత్తగారి నివాస అనుమతి ఈ నెలాఖరుతో ముగిసిపోతుంది. పాత చట్టం లెక్కలో కోడలు కుటుంబం కాదు. కొడుకు లేనప్పుడు తల్లి వెనక్కి వెళ్ళిపోవలసిందే. పౌరసత్వ, వలస చట్టాలను సవరించడానికి తెచ్చిన కొత్త బిల్లు కోడల్నీ అల్లుణ్ణీ కూడా కుటుంబంలో కలిపింది. కలిపిన చేత్తోనే ఒక మెలిక పెట్టింది: "మళ్ళీ వివాహం చేసుకోనంత వరకు." ఆ ముక్క కోడలు చదివింది. అత్తగారికి చెప్పలేదు. అత్తగారు ఉండాలంటే మెకానిక్‌ని వదులుకోవాలి. వదులుకుంది.

ఆ మర్నాడే బిల్లు మీద జనం మాట వినడానికి పరిశీలన సంఘం సమావేశమైంది. ఆ రోజు సాక్షుల్లో అత్తగారు ఒకరు.

హాలు పెద్దదే గాని కిటికీలు బాగా పైన ఉన్నాయి. అర్ధచంద్రాకారపు బల్ల వెనక సభ్యులు కూర్చున్నారు. ఎదురుగా సాక్షికి ఒక కుర్చీ, పక్కనే సాక్షి భాషను అనువదించే దుబాసీకి ఇంకో కుర్చీ. అత్తగారు పొట్టి మనిషి. కుర్చీలో వెనక్కి జారగిలబడితే కాళ్ళు నేలకు అందలేదు. అందుకని అంచు మీదికి జరిగి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూసేదానిలా కూర్చుంది. వెనక వరసలో లిఫ్టు మెకానిక్ ఉన్నాడు. రావద్దని కోడలు చెప్పింది, రమ్మని అత్తగారు సైగ చేసింది. అతను పెద్దవాళ్ళ మాట విన్నాడు.

మొదట్లోనే ఒక చిక్కు వచ్చిపడింది. సంఘం పిలిపించిన దుబాసీకి పొద్దున్నే గొంతు పట్టేసింది. నోరు తెరిస్తే పిల్లికూన కూత తప్ప మాట రావడం లేదు. ఆ భాష తెలిసిన మరో దుబాసీ దొరికేసరికి సంఘం గడువు దాటిపోతుంది.

"సాక్షి వెంట వచ్చినావిడ కూడా దుబాసీయే కదా?" అని అడిగింది అధ్యక్షురాలు. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఆమె గొంతులో, క్లాసు నడిపే టీచరు గొంతులో ఉండే నిదానం ఉంది.

"అవునండీ. ఆసుపత్రుల్లో, కోర్టుల్లో పనిచేస్తాను. లైసెన్సు ఉంది. కానీ నేను ఆవిడ కోడల్ని."

బల్ల చివర కూర్చున్న తెల్లమీసాల సభ్యుడు వెంటనే చెయ్యెత్తాడు. బిల్లులో మెలిక పెట్టించింది ఆయనే. "కోడలు అత్తగారి మాటను ఉన్నదున్నట్టు చెబుతుందని నమ్మకమేమిటి? తమకు అనుకూలంగా తిప్పి చెబితే?"

కోడలు ఆ ప్రశ్నను అత్తగారి చెవిలో వేసింది.

"నా వైపు తిప్పి చెబుతుందా!" అంది అత్తగారు. "నాయనా, ఇది మా ఇంటికి కోడలై వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారి నా వైపు మాట్లాడిందేమో అడగండి. ఇంతకంటే నమ్మకమైన మనిషి మీకు ఎక్కడా దొరకదు."

కోడలు ముఖం ఎర్రబడింది. అయినా మాట మింగకుండా మైకులో అప్పజెప్పింది. బల్ల వెనక నవ్వులు లేచాయి. తెల్లమీసాల సభ్యుడు కూడా మీసం చాటున నవ్వుకున్నాడు. మాటలన్నీ రికార్డవుతాయనీ, తర్వాత మరో దుబాసీ సరిచూస్తాడనీ అధ్యక్షురాలు చెప్పాక ఆయన ఒప్పుకున్నాడు.

దుబాసీ పనిలో మొదటి పాఠం ఒకటుంది. ఎదుటి మనిషి "నేను" అంటే దుబాసీ కూడా "నేను" అనాలి. ఆవిడ ఇలా అంటోంది, ఆవిడ అలా అంటోంది అనకూడదు. తన సొంతంగా ఏదైనా చెప్పుకోవలసి వస్తే "దుబాసీ మనవి" అని, తన గురించి తానే పరాయి మనిషిలా చెప్పుకోవాలి. కోడలు ఆ పాఠాన్ని ఏ రోజూ తప్పలేదు. కానీ ఈ రోజు "నా కోడలు" అని తన నోటితో తన గురించే చెప్పాలి.

"మీరు ఎవరితో ఉంటున్నారమ్మా?" అడిగింది అధ్యక్షురాలు.

"ఇదిగో, దీంతోనే."

"నా కోడలితో," అంది కోడలు మైకులో.

"ఆవిడ మిమ్మల్ని బాగా చూసుకుంటుందా?"

"దానికి కోపమెక్కువ," అని మొదలుపెట్టింది అత్తగారు, ఎన్నాళ్ళుగానో ఎవరైనా అడుగుతారేమో అని చూస్తున్నట్టు. "బట్టలారేసే దగ్గర రోజూ గొడవే. నేను చొక్కాని భుజాల దగ్గర క్లిప్పు పెడతానా, ఇది వచ్చి కింది అంచుకి మారుస్తుంది. నేను మళ్ళీ మారుస్తాను. అది ఆరేది మా పుణ్యం వల్ల కాదు, గాలి పుణ్యం వల్ల. ఇంకోటి, దీనికి అబద్ధం రాదు, అదొక రోగం. మొన్న కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఎలా ఉందే అనడిగితే, గుడ్లగూబలా ఉన్నారు అత్తయ్యా అంది."

కోడలు అన్నీ చెప్పుకుంటూ వచ్చింది. చివరిదాన్ని మాత్రం, పదిమందిలో పెద్దావిడ పరువు ఎందుకని, "కళ్ళజోడు అంతగా నప్పలేదు అంది" అని మెత్తగా సర్దేసింది.

అత్తగారు హాలంతా ఒకసారి చూసింది. "ఎవరూ నవ్వలేదేం? గుడ్లగూబ అన్నావా లేదా?"

కోడలు మైకు దగ్గరికి వంగింది. "దుబాసీ సవరణ. సాక్షి అన్న మాట, గుడ్లగూబ."

ఈసారి హాలు హాలంతా ఘొల్లుమంది. నోట్సు రాసుకుంటున్న గుమాస్తా కలం పక్కన పెట్టేసి నవ్వాడు. "చూశారా," అంది అత్తగారు తెల్లమీసాల సభ్యుడితో, "నిజం దాచడం దీనివల్ల కాదు." కోడలు అది కూడా చెప్పింది.

నవ్వులు సర్దుకున్నాక ఆ సభ్యుడు కళ్ళజోడు సవరించుకుని, కాస్త మర్యాదగానే అడిగాడు. "అమ్మా, మీ దేశంలో మీకొక కూతురు ఉందని రాశారు. రక్తసంబంధం ఆమే కదా. కొడుకు పోయాక ఆమె దగ్గరికి వెళ్ళడమే న్యాయమేమో. కోడలితో మీకు చుట్టరికం కొడుకు వల్ల వచ్చింది. కొడుకే లేనప్పుడు..."

కోడలు ఆ మాటలను నెమ్మదిగా, ఒక్కొక్కటే చెప్పింది.

అత్తగారు చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంది. "నా కూతురు బంగారం. దాని అత్తగారు దానికుంది, వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటూ సుఖంగానే ఉన్నారు. మధ్యలో నేనెందుకు? మా భాషలో ఒక సామెత ఉంది నాయనా. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం కాబట్టి మా ఇద్దరికీ ఆ రెండూ లేవు. అయినా ఉన్నాం. ఎందుకున్నామో చెబుతాను, వినండి.

"నా కొడుకు పోయినప్పుడు ఇంటినిండా మనుషులు. ఆసుపత్రిలో సంతకం భార్య పెట్టాలన్నారు, ఆఫీసువాళ్ళు భార్యతో మాట్లాడాలన్నారు. అది న్యాయమే. నేను గోడవార కూర్చున్నాను. అందరూ వెళ్ళిపోయాక నాకు అనిపించింది, నన్ను ఈ ఇంటికి కట్టిన ముడి ఊడిపోయింది, ఇక్కడ నాకేం హక్కుంది అని. బట్టలు సర్దుకున్నాను. పెట్టె తెచ్చి గుమ్మం దగ్గర పెట్టుకున్నాను. ఇది లోపల్నుంచి వచ్చింది. పెట్టె చూసింది. ఉండండత్తయ్యా అనలేదు. ఏడవలేదు. పెట్టె మంచం మీదికి లాక్కెళ్ళి, తెరిచి, ఒక్కో బట్టా తీసి నా అలమారలో పెట్టింది. నేను మడిచిన మడత నచ్చక మళ్ళీ మడిచి మరీ పెట్టింది. అంతా అయ్యాక, 'రేపు నాకు పొద్దున్నే డ్యూటీ ఉంది, పాలు మీరే తెచ్చుకోవాలి' అని పడుకుంది."

కోడలు చెప్పడం మొదలుపెట్టింది. "నన్ను ఈ ఇంటికి కట్టిన ముడి ఊడిపోయిందనిపించింది..." ఆ మాట ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆ పెట్టె ఆమెకు గుర్తుంది, కానీ అత్తగారికి అది గుర్తుందని తెలియదు. వాళ్ళిద్దరూ ఆ రోజు గురించి మళ్ళీ ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఆ ముసలావిడ దిగులు "నేను" అనే మాటగా తన నోట్లోంచి వస్తోంది. "నా కోడలు ఒక్కో బట్టా తీసి..." దగ్గర ఆగిపోయింది.

"దుబాసీ మనవి," అంది ఎలాగో. "దుబాసీకి ఒక్క నిమిషం కావాలి."

అధ్యక్షురాలు తన ముందున్న నీళ్ళ గ్లాసు తానే తెచ్చి కోడలి చేతికిచ్చింది. అత్తగారు ఆ సందు చూసుకుని మైకును తన వైపు లాక్కుంది.

"నీళ్ళు తాగి ఇది కూడా చెప్పు. నా కోడలు బంగారం కాదు, ఇనప్పెట్టె. బంగారం దాంట్లో ఉంది. నేను దీన్ని ఎప్పుడూ మెచ్చుకోలేదు. ఇంట్లో మెచ్చుకుంటే లేచి వంటింట్లోకి పోతుంది. ఇక్కడైతే కుర్చీలోంచి లేవకూడదు కదా, అందుకని ఇక్కడ మెచ్చుకుంటున్నాను."

"అత్తయ్యా, చాలండి," అంది కోడలు గొంతు తగ్గించి.

"నువ్వు దుబాసీవి. నాతో మాట్లాడకూడదు. చెప్పు."

చెప్పింది. ముఖం కందగడ్డలా చేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ, "నా కోడలు ఇనప్పెట్టె, బంగారం దాంట్లో ఉంది" అని దేశపు చట్టాలు రాసేవాళ్ళ ముందు చెప్పింది. వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టబోయి, కొట్టవచ్చో లేదో తెలియక ఆగారు. అధ్యక్షురాలు ఊరుకోవడంతో హాలంతా కొట్టింది.

తెల్లమీసాల సభ్యుడు తన ముందున్న కాగితాలు పక్కకు జరిపాడు. "కోడలు కుటుంబమే," అన్నాడు చివరికి. "దాని మీద నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను." మళ్ళీ చప్పట్లు. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఇంకొక్క విషయం. అదే క్లాజులో నేను చేర్చిన మాటలున్నాయి. ఇప్పటిదాకా వచ్చిన సాక్షుల్లో ఒక్కరు కూడా వాటి వల్ల నష్టం ఉందనలేదు. మీకేమైనా ఇబ్బందా?" అని ఆ క్లాజు మొత్తం గట్టిగా చదివాడు.

కోడలికి ఇది తిప్పడానికి లేదు, మింగడానికి లేదు. అంతా రికార్డవుతోంది. ఒక్కో మాటా తమ భాషలోకి తెచ్చింది. "మరణించిన సంతానం భార్య గాని, భర్త గాని, వారు..." ఒక్క క్షణం ఆగింది. "...మళ్ళీ వివాహం చేసుకోనంత వరకు."

అత్తగారు తల తిప్పి కోడలి ముఖంలోకి చూసింది. అక్కడ్నుంచి మెడ సాచి వెనక వరసలోకి చూసింది. మళ్ళీ కోడలి వైపు చూసింది.

"ఓహో," అంది. "అందుకా నిన్న మెట్లెక్కి వచ్చావు! కళ్ళలో దుమ్ము పడిందన్నావు. ఇదా ఆ దుమ్ము!"

కోడలు మైకు మీట మీద నుంచి వేలు తీసేసింది.

"దుబాసీ గారూ?" అంది అధ్యక్షురాలు.

"ఓహో," అంది కోడలు మైకులో, వినీ వినబడనట్టు. "అందుకా నిన్న మెట్లెక్కి వచ్చావు... కళ్ళలో దుమ్ము పడిందన్నావు... ఇదా ఆ దుమ్ము."

సభ్యులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అత్తగారు అప్పటికే కుర్చీ దిగి నిలబడింది. నిలబడ్డా పెద్ద తేడా ఏమీ రాలేదు గాని, హాలుకి మాత్రం ఆవిడ ఎత్తు పెరిగినట్టే అనిపించింది.

"మీసాల నాయనా, ఈ ముక్క ఎందుకు పెట్టారు?"

"చట్టం దుర్వినియోగం కాకుండా," అన్నాడు ఆయన. "కోడలు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ వచ్చినవాడికీ ఒక తల్లి ఉంటుంది. ఒక్క మనిషి ఎంతమంది అత్తగార్లను తెచ్చుకోవాలి?"

"ఒక్క అత్తతోనే వేగలేక చస్తుంటే, కావాలని రెండో అత్తని నెత్తికెత్తుకునే పిచ్చిది ఎవరైనా ఉంటుందా?"

కోడలు ఆ మాట చెబుతుండగానే ఆమెకే నవ్వు తన్నుకొచ్చింది. సభ్యుడు మీసం నిమురుకుంటూ తల వంచుకున్నాడు.

"నవ్వులాటకి అనడం లేదు," అంది అత్తగారు. గొంతు మారింది. "ఒక చేత్తో నన్ను దాని ఇంట్లో ఉంచి, ఇంకో చేత్తో దాని బతుక్కి గొళ్ళెం పెట్టారు. అది నా కోసం ముసలిదయ్యేదాకా అలా ఉండిపోవాలా? నేనొప్పుకోను. ఆ ముక్క ఉంటే మీ చట్టమే నాకొద్దు. పెట్టె నేను మళ్ళీ సర్దుకుంటాను. ఈసారి దీన్ని విప్పనివ్వను."

ఈ మాటల్ని కోడలు ఎక్కడా తడబడకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ అత్తగారి చెయ్యి ఆమె భుజం మీద ఉంది.

"అమ్మా," అంది అధ్యక్షురాలు జాగ్రత్తగా, "ఇది మీరు ఊహించి అడుగుతున్నారా, లేక నిజంగా..."

"ఊహేమిటి! మా బిల్డింగులో లిఫ్టు వారం వారం చెడిపోతోందని ఆ మెకానిక్ వస్తాడు. ఏ లిఫ్టూ అన్నిసార్లు చెడిపోదమ్మా. నాకు చదువు లేదు గాని కళ్ళున్నాయి. మంచి కుర్రాడు. నేను మెట్ల దగ్గర ఆయాసపడుతుంటే సంచి అందుకుంటాడు. మా భాషలో నాలుగు ముక్కలు నేర్చుకున్నాడు, అందులో రెండు తప్పు. అదిగో, వెనక కూర్చున్నాడు."

హాలంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. అత్తగారి చెయ్యి తన వైపు చూపించగానే మెకానిక్‌కి కొంత అర్థమైంది, మిగతాది కోడలి గొంతులో విన్నాడు. కూర్చోవాలో లేవాలో తెలియక లేచి నిలబడ్డాడు. చెవులదాకా ఎర్రగా అయ్యాడు.

తెల్లమీసాల సభ్యుడు నెమ్మదిగా అన్నాడు. "నా మాటల వల్ల నష్టపోయేవాళ్ళు ఉన్నారని ఆ కోడలు తన నోటితో తానే చెబితే, వాటిని తీసేయమని నేనే ప్రతిపాదిస్తాను."

"తొందరపడి చెప్పకండి," అంది అధ్యక్షురాలు కోడలితో. ఈసారి ఆమె దుబాసీతో కాదు, మనిషితో మాట్లాడింది. "ఆయన ప్రతిపాదించినా ఓటింగు సాయంత్రం. నెగ్గుతుందని చెప్పలేను. నెగ్గకపోతే, మీరిక్కడ అన్న మాట రికార్డులో ఉండిపోతుంది. మీ అత్తగారి అనుమతికి అదే అడ్డం రావచ్చు. మీరు మౌనంగా ఉన్నా ఎవరూ తప్పు పట్టరు."

కోడలు అదంతా అత్తగారికి వివరించింది. చెప్పి, ఆవిడ ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"నన్ను చూస్తావేం?" అంది అత్తగారు. "అడిగింది నిన్ను."

కోడలు దుబాసీ కుర్చీ నుంచి లేచింది. అత్తగారు ఖాళీ చేసిన సాక్షి కుర్చీలో కూర్చుంది. "సాక్షి తన భాషలో మాట్లాడుతుంది," అంది. "ఈ మాట ముందు తెలియాల్సింది ఆవిడకి. తర్వాత నేనే అనువదిస్తాను."

అధ్యక్షురాలు తలూపింది.

కోడలు అత్తగారి వైపు తిరిగింది. రెండు చేతులూ పట్టుకుంది. మైకు మీట నొక్కాలన్న సంగతి కూడా మరిచిపోయి, ఆవిడకి మాత్రమే వినబడేంత చిన్నగా ఒక మాట చెప్పింది.

అత్తగారు కళ్ళు పెద్దవి చేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నుదురు కొట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది. వెనక మెకానిక్ తన ముందున్న కుర్చీ వీపును రెండు చేతులా పట్టుకున్నాడు. ఆవిడ ఎందుకు నవ్వుతోందో, ఎందుకు కళ్ళొత్తుకుంటోందో అతనికి తెలిసే దారి లేదు.

"మైకు ఆన్ కాలేదు," అంది అధ్యక్షురాలు. ఆమె కూడా ముందుకు వంగి ఉంది. "దుబాసీ గారూ, సాక్షి ఏమన్నారు?"

కోడలు చెంపలు తుడుచుకుని మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది.

"దుబాసీ మనవి," అంది. "సాక్షి అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పే ముందు, వెనక నిలబడ్డ ఆయన్ని ఒకసారి కూర్చోమనండి."